పంతుళ్లకు పాఠం చెప్పే తీరికేదీ?

సర్కారు బడి పంతులు మాట వస్తే చాలు, కొండాపూర్ మండలంలోని ఏ ఊరి రచ్చబండ దగ్గరైనా ముందుగా వినిపించేది జీతం సంగతే. "నెల తిరిగేసరికి బ్యాంకులో పడుతది. పండుగలకు సెలవులు, ఎండకాలం సెలవులు. సార్లకేం తక్కువ?" అన్నది జనవాక్యం. ఇందులో అబద్ధమేమీ లేదు. పాశమైలారంలోనో బొల్లారంలోనో కంపెనీలో కాంట్రాక్టు కూలీగా పన్నెండు గంటలు నిలబడి వచ్చేవాడికి సర్కారు పంతులు కొలువు పూలపాన్పులాగే కనబడుతుంది. కాని ఆ కూలీ బిడ్డ మూడో తరగతికి వచ్చినా కూడికలు రాకపోవడానికీ, ఆ పంతులు మనసు బడిలో నిలవకపోవడానికీ మధ్య ఉన్న ముడిని ఊళ్లలో చర్చించడం లేదు. జీతం పుచ్చుకునేవాడి గోడు పట్టించుకోవడమేమిటన్న చిన్నచూపు ఇందుకు కారణం.

కొండాపూర్ అనగానే పట్నం వాళ్లకు అద్దాల మేడలున్న హైదరాబాద్ కొండాపూర్ గుర్తుకొస్తుంది. ఇది ఆ కొండాపూర్ కాదు. సాతవాహనుల కాలం నాటి దిబ్బలున్న ఊరు, సంగారెడ్డికి దగ్గరలోని మండల కేంద్రం. 2016 అక్టోబర్ 11న సంగారెడ్డి వేరు జిల్లా అయ్యేదాకా ఇది మెదక్ జిల్లాలో భాగం. మల్కాపూర్, తొగర్‌పల్లి, మునిదేవునిపల్లి వంటి ఊళ్లు ఒక కాలు పొలంలో, ఒక కాలు పటాన్‌చెరు కంపెనీల్లో పెట్టి బతుకుతున్నాయి. ఇలాంటి ఊళ్లలో బడి ఒక్కటే పిల్లవాడికి మూడో దారి చూపగలదు. ఆ దారి చూపవలసిన మనిషి ఏ స్థితిలో ఉన్నాడో ఊరు తెలుసుకోవడం ఊరికే అవసరం.

ప్రాథమిక పాఠశాల పని ఎలా ఉంటుందో చూద్దాం. విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది పిల్లల వరకు ఇద్దరు ఉపాధ్యాయులు చాలు. కాగితం మీద ఇది సబబుగానే ఉంది, 30 మందికి ఒకరు. అయితే ఆ 60 మంది ఒకే తరగతి పిల్లలు కారు కదా! ఐదు తరగతులు. ఒకటి, రెండు తరగతులకు తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు. మూడు నుంచి ఐదు దాకా వీటికి తోడు పరిసరాల విజ్ఞానం. మొత్తం కలిపితే 18 సబ్జెక్టులు. ఇద్దరిలో ఒకరు సెలవు పెట్టినా, సమావేశానికి వెళ్లినా మిగిలిన ఒక్కరే ఐదు తరగతులను చూడాలి. ఒక తరగతికి పాఠం చెబుతుంటే నాలుగు తరగతులు ఊరుకోబెట్టడమే పని అవుతుంది. బడి బయటి నుంచి చూసేవారికి అది గోలగా వినబడుతుంది. "సారు పట్టించుకోవడం లేదు" అంటారు.

దీనికి తోడు 2022-23 నుంచి ఇంగ్లీషు మీడియం వచ్చింది. అదే ఏడాది ఆగస్టు 15న చదవడం, రాయడం, లెక్క చేయడం పక్కాగా నేర్పాలని 'తొలిమెట్టు' మొదలైంది. రెండూ మంచి ఆశయాలే, తల్లిదండ్రులు కోరినవే. అయితే ప్రతి ఆశయం వెంట ఒక రిజిస్టరు, ఒక ఫారం, ఒక యాప్ తప్పడం లేదు. ఏ పిల్లవాడు ఏ స్థాయిలో ఉన్నాడో ఫోనులో ఎక్కించాలి. మధ్యాహ్న భోజనం ఎందరు తిన్నారో ఎక్కించాలి. బియ్యం ఎంత మిగిలిందో చూడాలి. కోడిగుడ్ల ధర పెరిగితే వంట చేసే ఆడవాళ్లకు సర్దిచెప్పాలి, వాళ్ల బిల్లు ఆలస్యమైతే ప్రధానోపాధ్యాయుడే ముఖం చాటేయాలి. 2025 ఆగస్టు నుంచి పంతుళ్ల ముఖం కూడా ఫోనుకు చూపించి హాజరు వేసుకోవలసి వస్తోంది. సిగ్నల్ అందని మూల బడిలో పంతులు ఫోను పైకెత్తి ఆవరణంతా తిరుగుతుంటే ఊరివాళ్లు నవ్వుకుంటున్నారు. నవ్వడం తేలిక. ఆ పదిహేను నిమిషాలు ఎవరి పాఠంలోంచి పోయాయో ఆలోచించేవారు తక్కువ.

బడి ఊడ్చే మనిషి సంగతి మరీ విచిత్రం. చాలాకాలం ప్రాథమిక పాఠశాలల్లో ఆ పనికి మనిషే లేడు. పంచాయతీ కార్మికుడు వస్తే వచ్చినట్టు, లేకుంటే లేదు. 2024లో పిల్లల సంఖ్యను బట్టి నెలనెలా గ్రాంటు ఇచ్చి, అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల ద్వారా మనిషిని పెట్టుకునే ఏర్పాటు చేశారు. స్వాగతించదగిన పని. గ్రాంటు సకాలంలో రావాలి, మనిషి నిలవాలి. ఈ రెండింటిలో ఏది తప్పినా మళ్లీ తాళం చెవి, చీపురు రెండూ పంతులు చేతికే వస్తాయి.

ఇక బడి బయటి పనులు. విద్యాహక్కు చట్టం 27వ సెక్షను ఉపాధ్యాయులను మూడింటికి తప్ప ఇతర పనులకు వాడరాదని చెబుతుంది. పదేళ్లకోసారి జరిగే జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు. చట్టం ఇంత స్పష్టంగా ఉన్నా 2024 నవంబర్‌లో రాష్ట్రంలో ఇంటింటి కుటుంబ సర్వే చేపట్టినప్పుడు సుమారు 36 వేల మంది సెకండరీ గ్రేడ్ టీచర్లను దానికి పంపారు. ప్రాథమిక బడులు మధ్యాహ్నం దాకానే నడిచాయి. సర్వే అవసరమా కాదా అన్నది వేరే చర్చ. సర్కారు తలచుకున్న ప్రతి పెద్ద పనికీ ముందుగా కనిపించేది ప్రైమరీ బడి పంతులే ఎందుకన్నది ప్రశ్న. ఇలా చేస్తే మధ్యాహ్నం పాఠం పోయేది ఎవరికో అందరికీ తెలుసు. ప్రైవేటు బడి పసుపు బస్సు ఆ రోజుల్లో కూడా సాయంత్రానికే తిరిగి వచ్చింది.

మనిషి పనిలో అలసిపోవడం ఒకటి, పనిమీద మనసు విరిగిపోవడం మరొకటి. రాత్రి నిద్రపోతే మొదటిది తీరుతుంది. రెండోది తీరదు. 1974లో న్యూయార్క్‌లో ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మనస్తత్వ నిపుణుడు, పేదలకు ఉచితంగా వైద్యం చేసే కేంద్రాల్లో ఎంతో ఉత్సాహంతో చేరిన వారు కొన్నాళ్లకే లోపల కాలిపోయిన దీపాల్లా అయిపోవడం గమనించి దానిపై రాశాడు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఈ స్థితిని పనికి సంబంధించిన సమస్యగా తన జాబితాలో వివరించింది. దీనికి ఎదురుగా ఉండే స్థితిని నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ పరిశోధకులు మూడు గుణాలతో గుర్తుపట్టారు. పనిలో హుషారు, పని గొప్పదన్న నమ్మకం, పనిలో పడితే పొద్దు తెలియకపోవడం. పొలం పని తెలిసిన వారికి ఇది కొత్త కాదు. నాట్లు వేసే రోజుల్లో రైతుకు ఈ మూడూ ఉంటాయి, అప్పులవాడు గట్టు మీద నిలబడితే మూడూ పోతాయి.

2006లో ఫిన్లాండ్‌లో 2 వేలకు పైగా ఉపాధ్యాయులపై జరిపిన అధ్యయనం ఒకటి ఇక్కడ చెప్పుకోదగ్గది. మోయలేని భారం మనిషిని కాల్చి ఆరోగ్యాన్ని చెడగొడుతుంది. చేతికి అందే సాయం, పై అధికారి అండ, పనిలో తన మాట చెల్లడం వంటివి హుషారును పెంచి బడితో బంధాన్ని గట్టిపరుస్తాయి. ఇవి రెండు వేర్వేరు దారులని అందులో తేలింది. ఈ సంగతిని ఉపాధ్యాయ సంఘాలూ పట్టించుకోవాలి. భారం తగ్గించమని అడగడం న్యాయమే. కాని భారం తగ్గినంత మాత్రాన హుషారు దానంతటదే పుట్టదు. దానికి అండ కావాలి. ఫిన్లాండ్ ఎక్కడ, కొండాపూర్ ఎక్కడ అనవచ్చు. మనిషి మనసుకు మండల సరిహద్దులు లేవు.

అండ మాట అటుంచి, పంతుళ్లకు నిలకడే కరువైంది. 2021 డిసెంబర్‌లో 317 నంబరు జీవో కింద ఉద్యోగులను కొత్త జిల్లాలకు పంచారు. ఉమ్మడి మెదక్ జిల్లా ఉపాధ్యాయులు సంగారెడ్డి, మెదక్, సిద్దిపేట జిల్లాల మధ్య విడిపోయారు. సొంతూరు ఏదన్నది చూడలేదు, సీనియారిటీ చూశారు. జూనియర్లు దూరం పోయారు. భార్య ఒక జిల్లాలో, భర్త మరో జిల్లాలో పడ్డ కుటుంబాలున్నాయి. 13 జిల్లాల్లో దంపతుల బదిలీలను నిలిపివేయడంతో ఆ గోడు మరింత పెరిగింది. ఈ చిక్కు విప్పడానికి 2024లో వేసిన మంత్రివర్గ ఉపసంఘానికి అధ్యక్షుడు ఈ జిల్లాలోని ఆందోల్ నుంచి గెలిచిన దామోదర రాజనర్సింహే కావడం గమనార్హం. ముసలి తల్లిదండ్రులు ఒకచోట, పిల్లలు ఒకచోట, కొలువు ఒకచోట అయిన పంతులు నల్లబల్ల ముందు నిలబడ్డా అతని చూపు గోడ గడియారం మీదే ఉంటుంది. దాన్ని సోమరితనం అనడం అన్యాయం.

ఇది చాలదన్నట్టు 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. విద్యాహక్కు చట్టం రాకముందు చేరిన వారైనా సరే, ఐదేళ్లకు మించి సర్వీసు మిగిలి ఉంటే రెండేళ్లలో టెట్ పాసు కావాలి, లేదంటే కొలువు వదులుకోవాలి. ఐదేళ్ల లోపు ఉన్నవారు కొనసాగవచ్చు కాని పదోన్నతి కోరితే టెట్ తప్పదు. బోధించేవాడికి కనీస అర్హత ఉండాలనడాన్ని ఎవరూ కాదనలేరు. అయితే పాతికేళ్లుగా ఒకటో తరగతికి అక్షరాలు దిద్దించిన పంతులమ్మ ఇప్పుడు తన కూతురి వయసు వాళ్లతో పాటు పరీక్ష హాలులో కూర్చోవాలి. సాయంత్రం పిల్లల నోటు పుస్తకాలు దిద్దవలసిన సమయం టెట్ గైడుకు పోతుంది. కొలువు ఉంటుందో ఊడుతుందో తెలియని వారికి పిల్లల చదువు మీద నిశ్చింత ఎక్కడిది? సర్కారు ఈ రెండేళ్లలో వారికి శిక్షణ ఇప్పించాలి, సెలవుల్లో ఇప్పించాలి. గోరుచుట్టు మీద రోకటిపోటులా నోటీసులు మాత్రం పంపరాదు.

పంతులమ్మల సంగతి విడిగా చెప్పుకోవాలి. ప్రాథమిక బడుల్లో వారే ఎక్కువ కనబడుతున్నారు. తెల్లవారక ముందే లేచి వంట, పిల్లలను తయారుచేయడం, ఆపై సంగారెడ్డిలోనో పటాన్‌చెరులోనో బస్సు పట్టడం. ముంబై రహదారి మీద లారీల నడుమ ఆలస్యమైతే రోడ్డు దిగాక ఆటో కోసం ఎదురుచూపు. బడికి చేరేసరికే ఒక పూట పని అయిపోయినంత అలసట. "ఊళ్లోనే ఉండొచ్చు కదా" అని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. పాత రోజుల్లో పంతులు ఊళ్లోనే కాపురం ఉండేవాడు. రాత్రి లాంతరు వెలుగులో పెద్దవాళ్లకు ఉత్తరం చదివి పెట్టేవాడు, పెళ్లి చీటీ రాసేవాడు. ఊరు కూడా అతనికి ఒక గది చూపేది, పండుగకు పిలిచేది. ఇప్పుడు పల్లెలో పనిచేసే వారికి 2021 వేతన సవరణతో వచ్చిన ఇంటి అద్దె భత్యం 11 శాతం, హైదరాబాద్‌లో 24 శాతం. సొంత పిల్లల చదువు, భర్త లేదా భార్య కొలువు, ఆసుపత్రి అన్నీ పట్నంలో పెట్టి, పంతులును ఒక్కణ్ణి పల్లెలో ఉండమంటే ఎవరూ ఉండరు. తహసీల్దారూ ఉండడు, డాక్టరూ ఉండడు. పంతులునే అడగడం ఎందుకంటే అతను అడిగితే పలికే మనిషి కాబట్టి.

ఇంత చెప్పినంత మాత్రాన తప్పంతా సర్కారుదే, పంతుళ్లంతా అమాయకులే అనడం కాదు. 2003లో దేశమంతటా ఆకస్మికంగా బడులకు వెళ్లిన పరిశోధకులకు ప్రతి నలుగురు పంతుళ్లలో ఒకరు బడిలో కనబడలేదు. తర్వాత 2017లో అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ 6 రాష్ట్రాల్లో 619 బడులు చూసినప్పుడు, కారణం లేకుండా ఎగ్గొట్టిన వారు 2.5 శాతమే అని తేలింది. మిగతా వారు సెలవులోనో, సర్కారు పని మీదనో పోయినవారు. ఈ రెండు లెక్కలూ మనసులో పెట్టుకుని మాట్లాడాలి. ప్లాట్ల బేరాల్లో మునిగి తేలే పంతుళ్లు, చిట్టీలు నడిపే పంతుళ్లు ఈ జిల్లాలో లేరని ఎవరూ ప్రమాణం చేయరు. భూముల ధరలు ఆకాశానికి ఎక్కిన ఈ ప్రాంతంలో ఆ మాయ ఎక్కువ. అలాంటి వారిని సంఘాలు వెనకేసుకు రావడం వల్ల మొత్తం ఉపాధ్యాయవర్గానికి చెడ్డపేరు వస్తోంది. కరువు భత్యం కోసం, వేతన సవరణ కోసం, 2004 సెప్టెంబర్ తర్వాత చేరిన వారికి పాత పింఛను కోసం సంఘాలు ధర్నా చౌకులో కూర్చుంటాయి. కూర్చోవలసిందే. ఐదు తరగతులకు ఇద్దరు చాలరని చెప్పడానికి కూడా అంతే పట్టుగా కూర్చుంటే ఊళ్లు వాళ్ల వెంట నడుస్తాయి.

హాజరు పట్టుకుంటే చదువు వస్తుందనే నమ్మకం అధికారులకు గట్టిగా ఉంది. దీనిపై మన రాష్ట్రాల్లోనే జరిగిన పరిశోధన ఒకటుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 నుంచి కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ సుమారు 500 గ్రామీణ సర్కారు బడులను పరిశీలించారు. పిల్లల మార్కులు పెరిగితే పంతుళ్లకు చిన్న బోనసు ఇచ్చిన బడుల్లో రెండేళ్ల తర్వాత పిల్లలు లెక్కల్లోనూ, భాషలోనూ మిగతా బడుల కంటే ముందున్నారు. ఆశ్చర్యమేమంటే ఆ బడుల్లో పంతుళ్ల గైర్హాజరు తగ్గలేదు. వచ్చిన రోజు ఎక్కువ చెప్పారు, హోంవర్కు ఎక్కువ ఇచ్చారు, బడి విడిచాక కూడా కూర్చోబెట్టారు. అంటే ఫలితం తెచ్చింది హాజరుపట్టీ కాదు, వచ్చినవాడి పట్టుదల. ఫోనులో ముఖం చూసే యంత్రం ఆ మనిషి బడికి వచ్చాడని మాత్రమే చెప్పగలదు. బోనసులే మందు అనడం కూడా సరికాదు. చేసిన పనిని ఎవరో ఒకరు చూస్తున్నారు, మెచ్చుకుంటున్నారు అన్న తృప్తికి ఆ డబ్బు ఒక గుర్తు.

డబ్బు లేకుండానే ఆ తృప్తి దొరికిన ఉదాహరణ పక్క జిల్లాలోనే ఉంది. రంగారెడ్డి జిల్లాలో 1990లలో ఎం.వి. ఫౌండేషన్ పిలుపుతో బాల కార్మికులను బడికి తెచ్చే ఉద్యమం నడిచింది. ఆ సంస్థకు సారథ్యం వహించిన శాంతా సిన్హాకు 2003లో మెగసెసె పురస్కారం వచ్చింది. అందులో చెప్పుకోదగిన సంగతి, 1997లో సర్కారు పంతుళ్లే ముందుకొచ్చి బాల కార్మిక విమోచన వేదికగా ఏర్పడటం. జీతంలో రూపాయి పెరగలేదు, పని పెరిగింది. పశువులు కాసే పిల్లల ఇళ్లకు, పత్తి చేలకు వెళ్లారు, భూస్వాములతో మాటపడ్డారు. అయినా అలసిపోయామనలేదు. ఎందుకంటే ఊరు వాళ్ల వెంట ఉంది. పిల్లవాడు బడికి వస్తే ఆ గెలుపు తమదేనని వాళ్లకు తెలుసు. ఫారాలు నింపి ఏ పంతులూ అలాంటి గెలుపు చూడలేదు.

ఇప్పుడు ఊళ్ల వంతు. ప్రతి జూన్‌లో బడిబాట పేరుతో పంతుళ్లు ఇంటింటికీ తిరుగుతారు. "మీ బిడ్డను మా బడికి పంపండి" అని అడిగితే కొందరు కుర్చీ వేస్తారు, కొందరు గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడి పంపుతారు. తమ బిడ్డను పసుపు బస్సు ఎక్కించి, సాయంత్రం బడి దగ్గర నిలబడి "పిల్లలే లేరు, ఈ బడి ఎందుకు?" అనేవారూ ఉన్నారు. పిల్లలు తగ్గితే పంతులు పోస్టు పోతుంది, పోస్టు పోతే ఉన్న పిల్లలకు చదువు పోతుంది. దీన్ని ఆపగలిగింది సర్కారు ఒక్కటే కాదు.

నెలకొకసారి మూడో శనివారం తల్లిదండ్రుల సమావేశం పెట్టమని ఉత్తర్వు ఉంది. రాత్రి షిఫ్టు చేసి పొద్దున ఇంటికి చేరిన తండ్రి ఆ సమావేశానికి రాలేడు. పగలు షిఫ్టుకు పోయే తల్లీ రాలేదు. కంపెనీ ఊళ్లలో ఈ సమావేశాన్ని ఆదివారం పొద్దునో, సాయంత్రం ఆరు తర్వాతో నెలకు ఒక గంట పెట్టుకునే వెసులుబాటు ఉండాలి, ఆ గంటకు బదులు పంతుళ్లకు సెలవు ఇవ్వాలి. పటాన్‌చెరు దిక్కున బిహార్, ఒడిశా నుంచి వచ్చిన కూలీల పిల్లలు కూడా ఇవే బడుల్లో కూర్చుంటున్నారు. వాళ్ల భాష పంతులుకు రాదు, పంతులు భాష వాళ్లకు రాదు. అక్కడ ఒక హిందీ లేదా ఒరియా తెలిసిన వాలంటీరును పెట్టడం దుబారా కాదు. ఆ తరగతిలో పంతులు రోజంతా సైగలతో నెట్టుకొస్తున్నాడు.

ఒక చిన్న సంగతి. కొండాపూర్ దిబ్బలను 1940ల మొదట్లో నిజాం పురావస్తు శాఖ గులాం యాజ్దానీ ఆధ్వర్యంలో తవ్వించింది. సాతవాహనుల నాణేలు, మట్టిబొమ్మలు, పూసలు దొరికాయి. వాటిని దాచిన మ్యూజియం ఊరి దగ్గరే ఉంది. మండలంలోని పిల్లలు సాతవాహనుల పాఠాన్ని పుస్తకంలో బట్టీ పడుతున్నారు. ఒక పూట తీరిక ఉన్న పంతులు పిల్లలను నడిపించుకుంటూ ఆ దిబ్బల దగ్గరికి తీసుకెళ్తే, మట్టిపెంకు చేతికి ఇచ్చి రెండు వేల ఏళ్ల కిందట ఇక్కడ సంత జరిగిందని చెబితే, ఆ రోజు పిల్లలకూ పొద్దు తెలియదు, పంతులుకూ తెలియదు. ఉట్రెక్ట్ పండితులు చెప్పిన మూడు గుణాలూ అక్కడ కనబడతాయి. అలా వెళ్లాలంటే అనుమతి కాగితాలు, యాప్‌లో హాజరు, మధ్యాహ్న భోజనం లెక్క అన్నీ అడ్డం వస్తున్నాయి. పంతులుకు తన బడి రోజులో కొంతభాగాన్ని తన ఇష్టప్రకారం మలచుకునే స్వేచ్ఛ ఇస్తే సర్కారుకు పైసా ఖర్చు లేదు.

2025 డిసెంబర్‌లో మూడు విడతలుగా పంచాయతీ ఎన్నికలు జరిగాయి. దాదాపు రెండేళ్లు ప్రత్యేకాధికారుల పాలన తర్వాత ఊళ్లకు సర్పంచులు వచ్చారు. పోలింగు కేంద్రాల్లో రాత్రంతా కూర్చుని ఓట్లు వేయించింది ఈ పంతుళ్లే. కొత్త సర్పంచులు సీసీ రోడ్డు కంటే ముందు చేయగల పనులు కొన్నున్నాయి. బడికి నీళ్లు, పంతులమ్మలకు తలుపు పడే మరుగుదొడ్డి, ఊడ్చే మనిషికి నెల జీతం ఆగకుండా చూడటం. పంతులు సెలవు పెట్టిన రోజు డిగ్రీ చదివి ఇంట్లో ఉన్న అమ్మాయిని బడికి పంపి చిన్నపిల్లలను కూర్చోబెట్టడం. రోడ్డు నుంచి బడిదాకా ఉదయం ఒక ఆటో కుదర్చడం. సంక్రాంతికో, బోనాలకో పంతులును భోజనానికి పిలవడం. పై నుంచి మరో సర్వే, మరో యాప్ వస్తే, 27వ సెక్షను కాగితం పట్టుకుని మండల కార్యాలయానికి పోవలసింది పంతులు కాదు, సర్పంచు. పంతులు అడిగితే మెమో వస్తుంది. ఊరు అడిగితే జవాబు వస్తుంది.